మెరిట్ అంటే ఎవరి చెవి? ఏటేటా ఇచ్చే పాటల అవార్డుల మీద మా మాట



ఏడాది చివరికొచ్చిందంటే చాలు, ఈ ఏటి ఉత్తమ ఆల్బమ్ ఏది, ఉత్తమ పాట ఏది అని లిస్టులు మొదలైతయి. పత్రికలది ఒక లిస్టు, యూట్యూబ్ ఛానళ్ళది ఇంకో లిస్టు, అవార్డు కమిటీలది వేరే లిస్టు. మన గ్రూపులో కూడా వారం నుంచి ఇదే లొల్లి. కొందరు వ్యూస్ ఎక్కువ వచ్చిందే గొప్ప పాట అంటున్నారు. కొందరు సంగీతం తెలిసినోళ్ళు చెప్పిందే ఫైనల్ అంటున్నారు. ఒక తమ్ముడైతే తన క్లాసులో ఎవరో అన్న మాట తెచ్చి ఇక్కడ పెట్టాడు: "మీవాళ్ళు పాటల అవార్డుల్లో కూడా రిజర్వేషన్ అడుగుతారా ఏంది?"

ఆ మాట చదివినంక ఊకుండుడు మాతోని కాలేదు. ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న కాలేజీల్లో చదువుతున్న మేము కొందరం కూర్చొని మాట్లాడుకొని ఇది రాస్తున్నాం. పోస్టు కొంచెం పొడుగే. ఓపికగా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

ముందు నంచియమ్మ సంగతి చెప్పుకుందాం. కేరళలోని పాలక్కాడ్ జిల్లా అట్టప్పాడి ఆమెది. ఇరుళ ఆదివాసీ. మేకలు కాసుకుంటూ పాటలు పాడుకున్న మనిషి. 2020లో వచ్చిన "అయ్యప్పనుమ్ కోషియుమ్" సినిమాలో తన భాషలోనే, తను కట్టిన పాట పాడింది. మన దగ్గర "భీమ్లా నాయక్"గా తీసింది ఆ సినిమానే. 2022 జులైలో 68వ జాతీయ సినిమా అవార్డులు ప్రకటించినప్పుడు ఉత్తమ గాయని అవార్డు ఆమెకిచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్ 30న ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా అందుకుంది. దేశానికి మొదటి ఆదివాసీ రాష్ట్రపతి ఒక ఆదివాసీ గాయనికి అవార్డు ఇచ్చిన రోజది. ఆ ఫోటో మనలో చాలామంది స్టేటస్ పెట్టుకున్నాం.

కానీ అవార్డు ప్రకటించగానే గొడవ లేచింది. శ్రుతి ఇచ్చి మామూలు సినిమా పాట పాడమంటే ఆమె పాడగలదా, జీవితమంతా సంగీతానికే ఇచ్చినవాళ్ళకు ఇది అవమానం కాదా అని ఒక సంగీతకారుడు వీడియో పెట్టాడు. చాలామంది గాయకులు, సంగీత దర్శకులు ఆమె పక్షాన నిలబడ్డారు, అది నిజం. అయినా ఆ ప్రశ్న ఇంకా తిరుగుతూనే ఉంది. మన తమ్ముడి క్లాసులో వినపడిన మాట కూడా దానికి చుట్టమే.

ఆ ప్రశ్నను ఒకసారి తిప్పి అడుగుదాం. పదేళ్ళు సంగీతం నేర్చుకున్న గాయనిని తీసుకొచ్చి ఇరుళ భాషలో, ఇరుళ పద్ధతిలో పాడమంటే పాడగలదా? ఎవరూ అడగరు. ఎందుకంటే ఆమెది "సంగీతం", నంచియమ్మది "జానపదం". ఒకరి కొలబద్ద అందరికీ కొలబద్ద అవుతది, ఇంకొకరిది లెక్కలోకే రాదు. పైగా అవార్డు ఇచ్చింది ఆ సినిమాలో ఆ పాట పాడినందుకు. ఆమె పాడని పాట పెట్టి పరీక్ష పెట్టుడు ఏం న్యాయం?

శ్రుతి గురించి కూడా ఒక మాట. మన తాండాల్లో తీజ్‌కు ఆడపిల్లలు, అమ్మలు గుండ్రంగా తిరుగుతూ పాడేటప్పుడు శ్రుతి పెట్టె ఉండదు. పెద్దమ్మ ఎక్కడ ఎత్తుకుంటే అదే శ్రుతి. మిగతావాళ్ళు ఆ ఎత్తు పట్టుకొని, ఊపిరి పంచుకొని, ఒకరు ఆగిన చోట ఇంకొకరు అందుకుంటారు. రాత్రంతా పాడినా పాట తెగదు. పెండ్లిలో బిడ్డను సాగనంపేటప్పుడు పాడే ఢావ్లోలో గొంతు వణకాలి, ఏడుపు పాటలో కలవాలి. అక్కడ గొంతు వణకకపోతేనే తప్పు. ఇది కూడా నేర్చుకుంటేనే వచ్చే విద్యే. సర్టిఫికెట్ లేదంతే.

మనకు ఈ వాదన కొత్తది కాదు. సీటు వచ్చినప్పుడు "ర్యాంకు ఎంత?" అంటారు. ఉద్యోగం వచ్చినప్పుడు "కోటాలోనా?" అంటారు. పాటకు అవార్డు వస్తే "శ్రుతి ఉందా?" అంటారు. మూడు చోట్లా అడిగేది ఒకటే, మెరిట్ ఉందా అని. మనవాళ్ళలో కొందరు దీనికి కోపమొచ్చి "మెరిట్ అనే మాటే మోసం" అంటారు. మేము అట్లా అనం. మంచి పాట, మామూలు పాట అనే తేడా ఉంది. తాండాలో ముసలమ్మలకు ఆ తేడా మనకంటే బాగా తెలుసు, బాగా పాడనిదాన్ని మొహం మీదే "నువ్వు ఆగవే" అంటారు. మా ప్రశ్న వేరే. మెరిట్ కొలిచే గదిలో ఎవరు కూర్చున్నారు? వాళ్ళ చెవులు ఏ పాటలు విని పెరిగాయి?

ఈ ప్రశ్నకు కెనడాలో ఒక జవాబు దొరుకుతది. అక్కడ పొలారిస్ మ్యూజిక్ ప్రైజ్ అని 2006 నుంచి ఇస్తున్నారు. ఏడాదికి ఒకే ఒక్క ఆల్బమ్‌కు. తేల్చేది సంగీత విమర్శకులు, జర్నలిస్టులు, రేడియోవాళ్ళు. రూల్ ఏందంటే ఎన్ని కాపీలు అమ్మాయో చూడొద్దు, ఏ రకం సంగీతమో చూడొద్దు, ఆల్బమ్‌లో కళ ఎంతుందో అదొక్కటే చూడాలి. చివరికి 10 ఆల్బమ్‌లు మిగులుతాయి. 11 మంది జ్యూరీ కూర్చొని వాదించుకొని ఒకటి తేలుస్తారు.

2014లో డ్రేక్, ఆర్కేడ్ ఫైర్ లాంటి పెద్ద పేర్లు ఆ లిస్టులో ఉన్నాయి. గెలిచింది తాన్యా తగాక్. ఆమె ఇన్యూట్ ఆదివాసీ. గొంతు లోపలి నుంచి శ్వాసతో, గురగుర శబ్దాలతో పాడే తమ జాతి పద్ధతిలో "యానిమిజం" అనే ఆల్బమ్ చేసింది. 2018లో జెరెమీ డచర్ గెలిచాడు. వొలాస్తొకే జాతివాడు. వాళ్ళ భాష ధారాళంగా మాట్లాడేవాళ్ళు వందమంది కూడా మిగల్లేదంటారు. ఆల్బమ్ మొత్తం ఆ భాషలోనే. వందేళ్ళ కింద ఒక పరిశోధకుడు మైనపు సిలిండర్ల మీద రికార్డు చేసిన తన తాతముత్తాతల గొంతులను మ్యూజియంలో కూర్చొని విని, వాటి పక్కన తన గొంతు, పియానో కలిపి పాడాడు. అదే డచర్ 2024లో రెండోసారి కూడా గెలిచాడు. ఆ ప్రైజ్ రెండుసార్లు గెలిచిన మొదటి మనిషి అతనే.

అక్కడ కోటా లేదు. "కళ మాత్రమే చూడాలి" అనే రూలే ఉంది. అంటే మెరిట్‌ను నిజంగానే చూస్తే, అమ్మకాలూ పలుకుబడీ పక్కకు పెట్టి చెవి పెట్టి వింటే, ఆదివాసీ పాట గెలుస్తది. మన క్లాస్‌మేట్లకు ఇది చెప్పండి. అన్ని చోట్లా ఇట్లనే జరుగుతుందని కూడా అనుకోకండి. అమెరికాలో గ్రామీ ఓట్లు వేసేది స్వయంగా సంగీతకారులే. అందరికంటే ఎక్కువ గ్రామీలు ఉన్న బియాన్సేకే ఉత్తమ ఆల్బమ్ అవార్డు 4 సార్లు చేజారి, 2025లో గానీ రాలేదు. నిపుణులు అయినంత మాత్రాన చెవులు తెరిచి ఉంటాయని గ్యారంటీ లేదు.

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. నంది అవార్డులు ఆగిపోయాక తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు పెట్టింది. 2025 జూన్‌లో ఇచ్చారు. 2024 సినిమాలకు గాను ఉత్తమ సంగీత దర్శకుడిగా "రజాకార్"కు భీమ్స్ సిసిరోలియోకు వచ్చింది, సంతోషమే. "బలగం"లో ఆయన కట్టిన ఊరు పాటకే కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ ఉత్తమ గేయ రచయిత అవార్డు ప్రకటించారు. ఆ పాట పాడినవాళ్ళలో అనంతపురం జిల్లా తాండా నుంచి వచ్చిన మన మంగ్లీ కూడా ఉంది. ఇవన్నీ చప్పట్లు కొట్టాల్సిన సంగతులే.

కానీ ఒకటి గమనించండి. గద్దర్ పాట ఎక్కువగా బతికింది జన నాట్య మండలి స్టేజీల మీద, క్యాసెట్లలో, జనం నోట్లో. ఆయన పేరు మీద ఇచ్చే ఈ అవార్డు సినిమాలో పడ్డ పాటకే వస్తది. గద్దర్ లాంటి పాట ఈ రోజు ఎవరైనా కట్టి ఊర్లల్లో పాడితే గద్దర్ అవార్డు లిస్టులోకే ఎక్కదు! జ్యూరీ మంచిదా చెడ్డదా అనేది తర్వాతి సంగతి, ముందు గడపే దాటనీయరు. బంజారా పాటల ఆల్బమ్, కోయ పాటల ఆల్బమ్, గోండి పాటల ఆల్బమ్ ఎంత బాగున్నా ఏ కమిటీ టేబుల్ మీదికీ పోదు.

"కొమురం భీముడో" పాట సంగతి చూడండి. 69వ జాతీయ అవార్డుల్లో ఆ పాటకే కాలభైరవకు ఉత్తమ గాయకుడి అవార్డు వచ్చింది. బాగా పాడాడు, అందులో మాకు తగువు లేదు. మనలో ఎంతమందిమి ఆ పాట విని ఏడ్చినమో మనకు తెలుసు. కానీ గోండుల దగ్గర ప్రధాన్లు తరతరాలుగా కీక్రి వాయిస్తూ వాళ్ళ దేవుళ్ళ కథలు, వీరుల కథలు పాడుతున్నారు. గోండు వీరుడి మీద పాట దేశమంతా గెలిచింది, గోండు వీరుల కథలు పాడే గొంతు ఏ పోటీలోనూ లేదు. మన కథకు అవార్డు రావడం వేరు, మన గొంతుకు రావడం వేరు. రెండూ ఒకటే అనుకొని మురిసిపోతే మనమే నష్టపోతాం.

అవార్డు వచ్చినంక ఏమైతదో కూడా మాట్లాడుకోవాలి. "భీమ్లా నాయక్" టైటిల్ పాట మొదట్లో వినపడే కిన్నెర దర్శనం మొగులయ్యది. నాగర్‌కర్నూల్ జిల్లా దక్కలి కళాకారుడు, 12 మెట్ల కిన్నెర వాయిస్తాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో అదే మొగులయ్య మన సాగర్ రోడ్డు మీదున్న తుర్కయంజాల్‌లో కూలి పని చేస్తూ కనిపించాడు. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని పత్రికలకు చెప్పుకున్నాడు. మనం రోజూ సిటీకి పోయే దారి అది. బస్సు కిటికీలోంచి చూస్తే ఇటుకలు మోసేవాళ్ళలో పద్మశ్రీ ఉన్నాడో లేదో మనకేం తెలుసు?

ఆయనతో పాటు 2022లోనే పద్మశ్రీ వచ్చిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు సమ్మక్క సారలమ్మ కథలు, కోయ ఇలవేల్పుల కథలు నోటికొచ్చు. గుస్సాడి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లోనే కన్నుమూశారు. మెడల్ ఇంట్లో ఉంటది. నోటిలో ఉన్న కథ ఎవరైనా నేర్చుకుంటేనే ఉంటది.

అందుకే వ్యూస్ లెక్కతో ఈ ఏటి పాట తేల్చుదామన్న అన్నలతో మేము ఒప్పుకోం. డీజే పాటలంటే మాకు కోపం లేదు. తీజ్ ఊరేగింపులో డీజే పెడితే ముందు ఎగిరేది మేమే. కానీ వ్యూస్ కొలిచేది ఫోన్ ఎవరి చేతిలో ఉందో దాన్ని. ఢావ్లో పాడే అవ్వకు ఛానల్ లేదు. పైగా ఆమె పాటనే తెచ్చి కొంచెం బీట్ కలిపి, రచన, బాణీ అని సొంత పేరు వేసుకునేవాళ్ళు మనలోనే ఉన్నారు. బయటివాళ్ళు మన పాటను లెక్కలోకి తీసుకోరని కొట్లాడే మనం, మన అవ్వ పేరు వేయకపోతే ఏం మొఖం పెట్టుకొని అడుగుతాం?

మరి ఏం చేద్దాం? మేము అనుకున్నది చెప్తున్నాం. ఈసారి గ్రూపులో "ఈ ఏటి మన పాట" తేల్చుదాం, కానీ కొన్ని పద్ధతులు పెట్టుకుందాం. ఒకటి, పాట మన భాషల్లో ఏదో ఒకదాంట్లో ఉండాలి. గోర్ బోలి, కోయ, గోండి, ఎరుకల, ఏదైనా సరే. రెండు, ఫోన్లో రికార్డు చేసినా చాలు, కానీ పాడినవాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే పెట్టాలి. వాళ్ళ పేరు, తాండా, ఏ సందర్భంలో పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవి రాయాలి. మూడు, తేల్చేవాళ్ళలో పాటలు పాడే పెద్దామె ఒకరు, సంగీతం నేర్చుకుంటున్న విద్యార్థి ఒకరు, ఆ భాష రాని వేరే తెగ మిత్రుడు ఒకరు ఉండాలి. ఆ మూడో మనిషి ఎందుకంటే, అర్థం తెలియకున్నా పాట తగులుతుందా లేదా చెప్పేది అతనే. ఎందుకు ఎంచుకున్నారో ముగ్గురూ నాలుగు మాటలు రాయాలి. గెలిచిన పాటకంటే ఆ నాలుగు మాటలే మనకు ఎక్కువ పనికొస్తాయి. మన పాటను మన మాటల్లో విమర్శ చేసుడు మనకింకా అలవాటు కాలేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. గద్దర్ పేరు మీద ఇచ్చే అవార్డుల్లో సినిమా బయటి పాటకు, తెలంగాణలోని ఆదివాసీ, గిరిజన భాషల పాటకు ఒక విభాగం పెట్టాలి. ఇది రిజర్వేషన్ కాదు, గడప తీయమని అడుగుడు. లోపలికి పోయినంక మన పాట గెలుస్తదో ఓడుతదో అప్పుడు చూద్దాం. ఓడినా సరే, విని ఓడగొట్టండి. ఇంతకాలం వినకుండానే ఓడగొట్టారు.

అంతకు ముందు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. డచర్‌కు తన తాతల గొంతులు దొరికింది ఎవరో వందేళ్ళ కింద సిలిండర్ మీద ఎక్కించినందుకు. మనకు మ్యూజియం అవసరం లేదు, అవ్వలు ఇంకా ఉన్నారు, జేబులో ఫోన్ ఉంది. ఈ సెలవుల్లో తాండాకు పోయినప్పుడు ఒక్కరు ఒక్క పాట పట్టుకొని రండి. "నాకేం పాటలు వచ్చు బిడ్డా" అని మొదట సిగ్గుపడతారు. కాసేపు కూర్చోండి, చాయ్ తాగండి, మళ్ళీ అడగండి.

మీరేమంటారు? ముగ్గురు తేల్చాలన్న పద్ధతి సరైందేనా, పెద్దామెగా ఎవరిని అడుగుదాం, ఏ తాండా నుంచి మొదలుపెడదాం, కింద రాయండి. ఒప్పుకోనివాళ్ళు కూడా రాయండి, వాదించుకుందాం.

జై సేవాలాల్. జై కొమురం భీం. జై భీం.
ఇబ్రహీంపట్నం విద్యార్థి మిత్రులు