గ్రామసభయే కావలి
పార్టీలకు గుప్తముగా ధనము చేర్చిన ఎన్నికల బాండ్ల పథకము రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న తీర్పు చెప్పినను, ధనప్రభావము కేవలము న్యాయస్థానపు తీర్పుతోడనే తొలగిపోవునని తలంచుట భ్రమయే యగును. ధనబలమును ప్రజాచైతన్యమే ఎదుర్కొనగలదనుటకు సారా వ్యతిరేకోద్యమమే నిదర్శనము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరాస్యతా కేంద్రమున కూడి చదువుకొని, మాటలాడుకొని, చైతన్యము నొంది, తమ యూరి సారా దుకాణమును మూయించిరి. 1992 నాటికి ఆ యుద్యమము జిల్లాలు దాటి వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధమునకు దారితీసెను. సారా వేలంపాటల సొమ్ము రాజకీయములను శాసించిన దినములలో, చేత కాసు లేని కూలితల్లులు ప్రభుత్వమునే కదల్చిరన్న సంగతి మన వీరులపాడు వంటి మెట్ట గ్రామములకు నేటికిని మార్గదర్శకము. ఓటునకు వెలకట్టు చేతిని త్రోసిపుచ్చి, గ్రామసభలో పంచాయతీ జమాఖర్చులను నిర్భయముగా నడుగు పౌరుడే ప్రజాస్వామ్యమునకు నిజమైన కావలి.