దుఃఖకథలో నవ్వు దోషమా?

ఘోరమైన దుఃఖకథయందు హాస్యమునకు తావీయరాదని వాదించు పెద్దలు మనలో ననేకులు గలరు. నాజీలు 1941 మొదలు 1945 వఱకు సుమారు 60 లక్షలమంది యూదులను సంహరించిరి. అట్టి మారణకాండను గుఱించి నవ్వించు చలనచిత్రమును తీయుట మృతుల నవమానించుటయే యని వీరి మతము. దీనికి మేము సమ్మతింపజాలము.

మా శ్రీకాళహస్తి ప్రాంతమున ధర్మరాజస్వామి తిరునాళ్లయందు పగలు భారత హరికథయు, రాత్రి వీథినాటకమును జరుగుచుండును. ద్రౌపదీ పరాభవమునకు కన్నీరు పెట్టిన జనమే హాస్యగాని మాటలకు నవ్వుదురు. అంతమాత్రమున ద్రౌపది దుఃఖము చులకనయైనదని యెవ్వరైన ననిరా? గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడినది మొదలు మనలను నవ్వించుచునే యున్నది. ఆ నవ్వు పసిబిడ్డలను ముసలివారి కమ్ము తండ్రులను సిగ్గుపఱచెనేగాని, ఆ బిడ్డలను పరిహసింపలేదు. ఎవరిని జూచి నవ్వుచున్నామన్నదే యిందు విచార్యము.

ఇటలీదేశస్థుడైన రాబర్టో బెనిన్యీ 1997లో తీసిన ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ చిత్రమును జూడుడు. నిర్బంధశిబిరమున జిక్కిన యూదుడొకడు, ఇదంతయు నాటయనియు, వేయి మార్కులు గెలిచినవారికి ట్యాంకు బహుమానమనియు కుమారుని నమ్మించును. తుదకు సైనికుడు తన్ను జంపుటకు గొనిపోవుచుండగా, దాగియున్న బిడ్డ చూచుచున్నాడని యెఱిగి వినోదపునడక నడచును. పిమ్మట వినబడునది తుపాకిమ్రోత. ఆ హాస్యము తండ్రి చావును దాచలేదు, బిడ్డకు ధైర్యమిచ్చినది. దీనిని అవమానమనుట న్యాయమా?

అయినను ఆశపేరిట నసత్యమును నమ్మరాదు. ఆష్విట్స్ శిబిరమునకు జేర్చబడిన పసివారిలో నత్యధికులు దిగిన వెంటనే విషవాయువుతో చంపబడిరి; వారిని దాచుటకు తండ్రులకు వ్యవధియే లేదు. 1940లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ చిత్రమున హిట్లరును పరిహసించిన చాప్లిన్, శిబిరముల ఘోరము ముందే తెలిసియున్నచో దానిని తీయజాలకుందునని 1964లో వెలువడిన స్వీయచరిత్రలో వ్రాసెను. నిజము నెఱుగక నవ్వింపరాదని హాస్యకారులందఱు దీనివలన గ్రహింపవలెను. ఆపన్నుల కథనడుమ పొంతనలేని హాస్యఘట్టముల నతికించు మన తెలుగు చిత్రనిర్మాతలకు నీ విచారమే పట్టదు. అట్టి నవ్వు ప్రేక్షకుని కన్నీటిని తుడిచి, కష్టపడువానిని మఱపించును.

తల్లిదండ్రులారా! బెనిన్యీ చిత్రమును మీ బిడ్డలతో గూర్చుండి చూడుడు, వారితోపాటు నవ్వుడు. ముగిసిన పిమ్మట, ఆ బాలునివలె బ్రదికి బయటపడని లక్షలాది పసివారి మాటయు వారికి తప్పక చెప్పుడు.