అటకమీది ఏనుగు

మన ఇళ్లల్లో అటకమీద ఈమధ్య కొత్తగా ఒక పొడుగాటి అట్టపెట్టె చేరుతోంది. పైన శనిగ్రహం బొమ్మ, పక్కన ఎర్రక్షరాలతో "525 రెట్లు" అని ఉంటుంది. లోపల ఉన్నది టెలిస్కోపు. పిల్లవాడికి మార్కులు బాగా వచ్చాయనో, పుట్టినరోజనో వాళ్ల నాన్నగారు ముచ్చటపడి కొన్నది. మొదటి పౌర్ణమికి చంద్రుణ్ణి చూశారు. రెండో పౌర్ణమికి మబ్బు పట్టింది. మూడో పౌర్ణమికి అది అటకెక్కింది. "వాడికి శ్రద్ధ లేదు" అని తేల్చేసి నాన్నగారు పేపరు చదువుకోవడంలో పడ్డారు.

వాడి శ్రద్ధనెందుకండీ ఆడిపోసుకోవడం? అసలు కొన్న పద్ధతే తిన్నగా లేదు. మగవారు కొట్టుకు వెళ్లి అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని రెట్లు చూపిస్తుంది?" రెండోది "ఇంతకంటే పెద్దది లేదా?" రాత్రి తొమ్మిదింటికి దాన్ని మేడమీదికి ఎవరు మోస్తారు, ఎవరు బిగిస్తారు, ఎవరు దింపి లోపల పెడతారు అని మాత్రం ఒక్కరూ అడగరు. నన్నడిగితే మొట్టమొదట అడగవలసింది అదే.

ముందు ఆ "525 రెట్ల" సంగతి చూద్దాం. లెక్క చాలా సులువు. గొట్టం నాభ్యంతరాన్ని కంటి దగ్గర పెట్టే ఐపీసు నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 700 మిల్లీమీటర్ల గొట్టానికి 25 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే 28 రెట్లు, 10 ది పెడితే 70 రెట్లు. పెట్టెలో 4 మిల్లీమీటర్ల ఐపీసొకటి వేస్తారు, దానితో 175. ఆపైన మూడింతలు చేసే ప్లాస్టిక్ బిళ్లొకటి. ఇంకేముంది, 525! కానీ ముందున్న కటకం 70 మిల్లీమీటర్లే అయినప్పుడు, దాని వెడల్పుకు రెండింతలు, అంటే 140 రెట్లు దాటాక కొత్తగా కనబడేది ఏమీ ఉండదు. గ్లాసుడు పాలలో బిందెడు నీళ్లు పోస్తే బిందెడు పాలవుతాయా? ఉన్న కాస్త వెలుగునీ సాగదీస్తే శనిగ్రహం పెద్దదైన మాట నిజమే, కాని నానిపోయిన వడియంలా కనబడుతుంది.

అసలు విలువ ముందున్న కటకమో అద్దమో ఎంత వెడల్పన్నదాన్ని బట్టి ఉంటుంది. వానలో చెంబు పెడితే ఎన్ని నీళ్లు నిండుతాయి, గంగాళం పెడితే ఎన్ని నిండుతాయి? వెలుగూ అంతే. 60 మిల్లీమీటర్ల దానికంటే 120 మిల్లీమీటర్లది రెండింతలు కాదు, నాలుగింతలు వెలుగు పడుతుంది. కాబట్టి "వెడల్పు ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనే పెద్దమనుషులు చెప్పేది అబద్ధం కాదు. అయితే వాళ్లు చెప్పింది సగమే. గంగాళం మంచిదే, కాని వాన పడేది డాబామీద, గంగాళం ఉన్నది అటకమీద!

ఈ మాటకు సాక్ష్యం మన పాతబస్తీలోనే ఉంది. నవాబు జఫర్ జంగ్ గ్రబ్ వారి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టారు. అదే నిజామియా వేధశాల. 1907లో నవాబుగారు కాలంచేశారు. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది, తర్వాత వేధశాల బేగంపేటలో వెలిసింది. మరి ఆ పదిహేనంగుళాల దొరగారు కొలువు తీరిందెప్పుడనుకున్నారు? 1922లో, టి.పి. భాస్కరన్ గారు డైరెక్టరుగా ఉన్నప్పుడు. ఇరవై ఏళ్ల పైమాటే! ఈలోగా 8 అంగుళాల కుక్ టెలిస్కోపు ఆకాశాన్ని ఫోటో పలకలమీదికి ఎక్కిస్తూ, దేశదేశాల వేధశాలలు పంచుకున్న నక్షత్రాల పట్టికలో హైదరాబాదు వంతు పని చేసుకుపోతూనే ఉంది. నవాబుగారిని నేను తప్పుపట్టడం లేదు. ఆయన చలవ లేకపోతే ఆ వేధశాలే లేదు. నేననేదల్లా ఒకటే. అంత ఏనుగుకి తగిన శాల, దిమ్మ, మావటి అన్నీ కుదరాలి. నవాబుకే అంత తొందరగా కుదరనిది, శాలిబండ గల్లీలో రెండు గదుల వాటాలో మనకు కుదురుతుందా?

మరోమాట. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నది ఊళ్లో కాదు, దూరంగా జాపాల్-రంగాపూర్‌లో. ఊరి వెలుతురు మసక నక్షత్రాలను మింగేస్తుంది మరి. చార్మినార్ చుట్టుపక్కల బజారు దీపాలు, రంజాన్ నెలలోనైతే తెల్లవార్లూ జిగజిగలు. మన మేడమీంచి పాలపుంత కనబడే రోజులు పోయాయి. ఎంత పెద్ద అద్దం పెట్టినా ఆ వెలుతుర్ని కూడా కలిపే పట్టుకొస్తుంది. కాని చంద్రుడు, గురుడు, శని, జంట నక్షత్రాలు, కృత్తికలు మాత్రం ఈ దీపాలను లెక్కచెయ్యవు. వాటికి మరీ పెద్ద అద్దమూ అక్కర్లేదు. చంద్రుణ్ణైనా పౌర్ణమినాడు కాదు, సప్తమి అష్టముల్లో చూడండి. నీడలు పడి గుంటలు, కొండలు చక్కగా తేలతాయి. పౌర్ణమికి కళ్లు చెదరడమే తప్ప వివరం తెలియదు.

ఇక బరువు. ఎనిమిదంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు పీటతో సహా ఇరవై కిలోల పైనే ఉంటుంది, ఇంచుమించు బియ్యం బస్తా. పాతబస్తీ మేడమెట్లు మీకు తెలియనివా? మనిషి పక్కకి తిరిగి ఎక్కాలి, మధ్యలో ఒక మలుపు, పైన బట్టల తీగ. అదే నాలుగున్నర, అయిదంగుళాల అద్దం ఉన్న పొట్టి గొట్టాలు బల్లమీద పెట్టుకునే రకం వస్తున్నాయి. ఆరేడు కిలోలే, చంటిపిల్లాణ్ణి చంకనేసుకున్నట్టు తీసుకుపోవచ్చు. గట్టి చెక్కస్టూలు ఒకటి మేడమీదే ఉంచుకుంటే చాలు. వంటిల్లు సర్దబోయే ముందు పైన పెట్టి వస్తే, మన పని అయ్యేసరికి అద్దం బయటి గాలికి చల్లబడి బొమ్మ నిలకడగా చూపిస్తుంది.

"ఒకేసారి పెద్దది కొనేస్తే పీడా పోతుంది" అంటారు తెలిసినవారు. అలాగైతే మనం రోజూ కంచిపట్టు చీరే కట్టుకుని అంట్లు తోముకోవాలి! బీరువాలో పట్టుచీర అందమైనదే. కాని ఒంటిమీద ఉండేది నేతచీరే.

సరంజామా దగ్గర మరో మాయ. పెట్టె నిండా పదహారు వస్తువులిచ్చి, నిలబెట్టే స్టాండు మాత్రం గాలికి ఊగే పుల్లలతో చేసిస్తారు. ఏనుగును కొని అంకుశానికి పిసినారితనం అంటే ఇదే. ఊగే స్టాండుమీద ఎంత మంచి కటకమైనా దండగే. కావలసినవి మూడే: కదలని ఆధారం, 25, 10 మిల్లీమీటర్ల మంచి ఐపీసులు రెండు, గురి చూసుకునే చిన్న సాధనం. మూడింతల బిళ్ల ఊసే వద్దు. ఇక ఐపీసుకి బిగించే నల్లని "సూర్యుడి అద్దం" బిళ్ల గనక పెట్టెలో ఉంటే, ఆ రోజే రాయితో పగలగొట్టి పారెయ్యండి. ఎండ వేడికి అది ఠప్పున చిట్లితే పిల్లవాడి కన్ను క్షణంలో పోతుంది. సూర్యుణ్ణి చూసే ముసుగు గొట్టం ముందు మొత్తం మూతి కప్పేదై ఉండాలి, అదీ ఆ పనికోసమే చేసినదై ఉండాలి. అన్నట్టు, అద్దంమీద దుమ్ము పడిందని పైటకొంగుతో తుడిచేరు! కాస్త దుమ్ముతో నష్టం లేదు, గీత పడితే మాత్రం పోదు.

"ఇవన్నీ ఆడవాళ్లకెందుకు?" అని కొందరు నవ్వుతారు. విలియం హెర్షెల్ చెల్లెలు కరోలిన్ పేరు వాళ్లు విని ఉండరు. అన్నగారు 1789లో నలభై అడుగుల గొట్టం, నాలుగడుగుల అద్దం ఉన్న మహాయంత్రం పూర్తిచేశారు. చూడ్డానికి జనం విరగబడ్డారు గాని, అది వాడుకకు మహా ఇబ్బంది. ఆయన సొంత పని ఎక్కువగా సాగింది ఇరవై అడుగుల దానితోనే. ఆ చెల్లెలికి అన్నగారు చేసిచ్చిన బుల్లి టెలిస్కోపు అద్దం నాలుగంగుళాల పైచిలుకు. అన్న ఊళ్లో లేనప్పుడు, 1786 ఆగస్టు 1న, ఆవిడ దానితో ఒక తోకచుక్కను పట్టుకుంది. 1797 లోపల మొత్తం ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టింది. గొట్టం తన చేతికి అందేది కాబట్టే అన్న రాకకోసం కాచుకు కూర్చోలేదు.

పెళ్లినాడు పట్టపగలు పురోహితుడు అరుంధతిని చూపిస్తే, కనబడకపోయినా "ఆఁ, చూశాను" అన్నవాళ్లమే మనమంతా. వేసవి రాత్రి ఒక చిన్న టెలిస్కోపు 50 రెట్లకు పెట్టి సప్తర్షుల్లో వశిష్ఠుణ్ణి చూడండి. పక్కన అరుంధతి సరే, ఆ వశిష్ఠుడొక్కడే రెండు చుక్కలుగా విడిపోయి కనబడతాడు. ఆ సంగతి పురోహితుడు చెప్పలేదు, మీవారూ చెప్పలేదు. మీ కంటితో మీరే చూస్తారు.

అందుకని ఈసారి ఇంట్లో టెలిస్కోపు మాట వస్తే కొట్టుకు మీరూ వెళ్లండి. అద్దం వెడల్పెంతో అడగండి. స్టాండును వేలితో తట్టి, వణుకు ఎంతసేపటికి ఆగుతుందో చూడండి. తర్వాత గొట్టాన్ని మీ రెండు చేతులా ఎత్తండి. ఎవరి సాయమూ లేకుండా మీరు మేడ ఎక్కించగలిగిన వాటిలో అన్నిటికంటే వెడల్పైనది ఏదో, అదే మీ ఇంటికి తగినది. మీరు ఎత్తలేనిదాన్ని మీవారు కొంటానంటే కొననివ్వండి. అటకమీదికి మాత్రం ఆయన్నే ఎక్కించమనండి.