యంత్రం గీసే తోట

పెరటిలో నాలుగు పూలమొక్కలు నాటడం అభిరుచి. ఒక నగరానికి నీడ, నీరు, విశ్రాంతి సమకూరే విధంగా నేలను తీర్చిదిద్దడం శాస్త్రం. దీనినే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అంటారు. ఉద్యానవనాలు, చెరువుగట్లు, రహదారుల అంచులు దీని పరిధిలోనివే. ఈ రంగంలోనూ నేడు కృత్రిమ మేధ ప్రవేశించింది.

మాటలను బట్టి చిత్రాలను సృష్టించే కంప్యూటర్ ప్రోగ్రాములు 2022లో సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. ‘తామరకొలను, చుట్టూ నడకదారి, వేపచెట్ల నీడ’ అని కోరితే చాలు, క్షణాలలో మనోహర దృశ్యం తెరమీద ప్రత్యక్షమవుతుంది. వాననీరు ఎటు పారుతుందో, నీడ ఎక్కడ పడుతుందో లెక్కగట్టడంలోనూ యంత్రం తోడ్పడుతున్నది. రోజుల తరబడి సాగే పని గంటలలో ముగుస్తున్నది. ఈ మేలును కాదనడం అవివేకం.

అయితే చిత్రం వేరు, నేల వేరు. చిత్రంలోని మొక్క ఆ మట్టిలో బ్రతుకుతుందో లేదో, పదేళ్లకు దాని వేళ్లు ఎక్కడికి ప్రాకుతాయో చిత్రం చెప్పదు. కోనోకార్పస్ చెట్టు కథ ఇందుకు తార్కాణం. త్వరగా పెరిగి, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందని దానిని తెలుగునాటనూ, గుజరాత్‌లోనూ విరివిగా నాటారు. వేళ్లు భూగర్భంలోని తీగలను, గొట్టాలను దెబ్బతీస్తాయనీ, పుప్పొడి శ్వాస సంబంధమైన బాధలు కలిగిస్తుందనీ గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్ని నిషేధించింది. ఆ పొరపాటు యంత్రానిది కాదు, మనుషులదే. కంటికి పచ్చగా ఉంటే చాలుననుకోవడమే దానికి మూలం. అందాన్ని అలవోకగా చూపించే యంత్రం ఆ తొందరపాటును మరింత పెంచగలదు.

నేలను ఎరిగి గీసిన ప్రణాళిక ఎంతకాలం నిలుస్తుందో తెలియాలంటే న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కును చూడాలి. 1858లో జరిగిన పోటీలో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌ల ప్రణాళిక ఎంపికైంది. ఓమ్‌స్టెడ్ అప్పటికే ఆ స్థలంలో పర్యవేక్షకుడు. అక్కడి బండలను, బురదనేలలను స్వయంగా ఎరిగినవాడు. పార్కును అడ్డంగా దాటే 4 దారులను వారు నేలమట్టానికి దిగువన ఏర్పరచారు. గుర్రపుబండ్ల కాలంనాటి ఆ ఆలోచన ఫలితంగా, నేటి మోటారు వాహనాలు సైతం విహారులకు అడ్డురాకుండా సాగిపోతున్నాయి.

కనుక రమణీయమైన చిత్రాన్ని చూసి ప్రణాళికను ఆమోదించరాదు. మట్టి పరీక్ష జరిగిందా, నీరు ఎక్కడిది, ఆ తోటను ఏళ్ల తరబడి సాకేవారెవరు అని ముందుగా ప్రశ్నించాలి. యంత్రం మిగిల్చిన గంటలను రూపశిల్పి మరికొన్ని చిత్రాలకు కాక, ఆ నేలమీద నడవడానికి, అక్కడివారి మాట వినడానికి వెచ్చించాలి. అప్పుడే కృత్రిమ మేధ మన నేలకు మేలు చేస్తుంది.