సెలవులును ఆశాభంగమును

వేసవి సెలవులు సమీపించినతోడనే బాలబాలికల మనస్సులు ఒకచోట నిలువవు. అమ్మమ్మగారి ఊరు, గోదావరి స్నానము, విశాఖపట్టణపు సముద్రతీరము, మేనమామ బిడ్డలతోడి ఆటలు ముందుగానే వారి కన్నులయెదుట మెలగుచుండును. 2025వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాఠశాలలకు ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వరకు, అనగా 49 దినములు, సెలవులుండెను. పెద్దలకు ఇది స్వల్పకాలము. పదియేండ్ల బాలునికి ఒక యుగము. అందు తలచుకొన్న ప్రయాణము నిలిచిపోయిన యెడల వానికి కలుగు దుఃఖము మనము తలంచునంత అల్పమైనది కాదు.

ఇట్టి సమయమున గృహములయందు మూడు విధములైన వర్తనములు కానవచ్చును. కొందరు "ఇంతమాత్రమునకే యేడ్తువా?" అని గద్దింతురు. కొందరు మిఠాయి కొనియిచ్చియో, సెల్‌ఫోను చేతికిచ్చియో ఊరకుండజేయుదురు. మరికొందరు "పై ఆదివారము తప్పక పోవుదము" అని, పోవు తలంపు లేకయే మాట యిత్తురు. ఈ మూడింటిలో చివరిదే మిక్కిలి హానికరమని నా యభిప్రాయము. మొదటిది బాలుని నొప్పించును. రెండవది కొంతసేపు మరపించును. మూడవది వాని నమ్మకమునే హరించును.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికా దేశమందలి రోచెస్టరు విశ్వవిద్యాలయమున సెలెస్ట్ కిడ్ అను పండితురాలును ఆమె సహచరులును ఆరేండ్లలోపు బిడ్డలు 28 మందితో జరిపిన యొక చిన్న పరిశోధన 2013వ సంవత్సరమున ప్రకటితమయ్యెను. మేలైన బొమ్మల సామగ్రి తెచ్చెదమని చెప్పి, సగముమందికి మాట చెల్లించిరి. తక్కినవారికి "లేవు" అని చెప్పిరి. పిమ్మట ప్రతి బిడ్డయెదుటను ఒక మిఠాయి నుంచి, తిరిగి వచ్చువరకు తినకున్న రెండు దొరకునని చెప్పిరి. మాట చెల్లిన బిడ్డలు సగటున 12 నిమిషములు వేచియుండిరి. చెల్లనివారు 3 నిమిషములు మాత్రమే. బిడ్డకు ఓర్పు లేదని మనము నిందించునప్పుడు, నిజముగా లేనిది పెద్దల మాటయందు విశ్వాసము కావచ్చును.

కావున ఆశాభంగమునకు చికిత్స అది కలిగిన దినమున గాక, ఆశ కల్పించు దినముననే ఆరంభింపవలెను. రైలు ప్రయాణమునే చూడుడు. టిక్కెట్టు వెయిటింగు లిస్టులో నున్న సంగతి తండ్రి యెరుగును, బిడ్డ యెరుగదు. చార్టు సిద్ధమైన పిమ్మటను ఒక్కరికైనను చోటు దొరకనిచో, ఆన్‌లైనులో కొన్న టిక్కెట్టు తనంతట రద్దగును. మూటముల్లె సర్దుకొని కూర్చున్న బిడ్డకు ఆ గడియ పిడుగుపాటు. "మనకు ముందు ఇంకను ఇరువదిమంది యున్నారు, చోటు రావచ్చును, రాకపోవచ్చును" అని మొదటనే చెప్పి, దినదినము ఆ సంఖ్యను వానిచేతనే చదివించిన యెడల, బాలుడు మనతోపాటు ఎదురుచూచును, రాకున్న మనతోపాటు చింతించును. ఒంటరిగా చింతించుటకును, కలసి చింతించుటకును భేదము గొప్పది.

ప్రయాణము మానుటకు ధనాభావము కారణమైనప్పుడు కొందరు ఆ మాట దాచి, మార్కులు తక్కువ వచ్చినవను నెపమును బిడ్డపై మోపుదురు. ఇది అన్యాయము. "ఈ యేడు పంట సరిగా రాలేదు, అప్పు తీర్పవలసియున్నది, వెళ్లుటకు వీలులేదు" అని చెప్పుటలో తండ్రికి అవమానమేమియు లేదు. ఎనిమిదేండ్ల బిడ్డయు ఆ మాటను గ్రహింపగలదు. చేయని నేరమునకు శిక్ష పొందుటను మాత్రము ఏ బిడ్డయు మరువదు.

నిజము చెప్పిన పిమ్మట కొంతసేపు ఏడ్వనిండు. వెంటనే వేరొక వేడుకను ముందుంచకుడు. మనస్సు కుదుటపడిన పిదప ఇంటిపనిలో నిజమైన భాగమిండు. ఆవకాయ దినములలో ముక్కలనుండి జీడి తీసి గుడ్డతో తుడుచుట, మేడపై వడియములకు కావలి యుండుట, అమ్మమ్మకు స్వహస్తముతో ఉత్తరము వ్రాయుట మున్నగునవి పోయిన ప్రయాణమునకు బదులు కావు; బదులని చెప్పనును వలదు. కాని ఈ యింటికి తాను కావలసినవాడనని తెలియుట బాలునికి బలమిచ్చును.

సహోపాధ్యాయులకును ఒక మనవి. జూన్ మాసమున బడి తెరచినతోడనే "సెలవులలో నేను చూచిన ఊరు" అని వ్యాసము వ్రాయించుట మనలో అనేకుల యలవాటు. ఏ యూరికిని పోనివాడు కలము పట్టుకొని కిటికీవైపు చూచుచుండును. లేదా పోని యూరికి పోయినట్లు వ్రాయును. "సెలవులలో మా యింట జరిగిన ఒక పని" అని అడిగిన యెడల అందరును తలయెత్తి వ్రాయగలరు.

విద్యార్థులారా! మీ కోరిక నెరవేరనప్పుడు కారణమడుగుటకు మీకు హక్కు కలదు, మర్యాదగా అడుగుడు. చెప్పిన కారణము సత్యమని తోచినచో, దానిని మీ తమ్ములకును చెల్లెండ్రకును మీరే తెలియజెప్పుడు. తలిదండ్రులారా! రాబోవు సెలవులకు మాట యిచ్చుటకు ముందు, దానిని చెల్లింపగలమా యని ఒక్క రాత్రి యాలోచింపుడు. సందేహమున్నచో "చూతము" అని చెప్పుడు. కాని మీ యింట "చూతము" అను మాటకు "లేదు" అని యర్థము రానీయకుడు.