పండుగ సొమ్ము ఎవరిది?

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా రెండు ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. బళ్లారి, హొసపేట, సిరుగుప్ప మైసూరుకు పోయాయి. అత్తగారిల్లు బళ్లారిలో, పుట్టిల్లు ఆదోనిలో ఉన్న కోడళ్లు ఇప్పటికీ ఎందరో. బళ్లారి 1810లోనే లండన్ మిషనరీ సొసైటీ అడుగుపెట్టిన ఊరు. ఇక్కడి తెలుగు ఇళ్లలో క్రిస్మస్ తరాల నాటి పండుగ. ఆ పండుగ ముందు వచ్చే తగవూ అంతే పాతది.

డిసెంబరులో తుంగభద్ర ఆయకట్టు కింద వరి కోతల కూలి, జీన్స్ కుట్టే యూనిట్లలో ముక్కకింత అని లెక్కగట్టిన డబ్బు చేతికొస్తాయి. వీధిలో ప్రతి ఇంటికీ కజ్జికాయల పళ్లెం పోవాలంటుంది అవ్వ. ఉగాదికి ఓళిగలు, రంజానుకు సేమ్యా పంపినవాళ్లకు తిరిగి పంపకపోతే ఎట్లా అని ఆమె బాధ. నాది కూడా అదే మాట. కొడుకు గుడికి పెద్ద కానుక ఇస్తానంటాడు. ఆడబిడ్డ చీరకు ఎదురుచూస్తుంది. మిషను ముందు నడుము విరిగేలా కూర్చున్న కోడలికేమో పిల్లల ఫీజు, వడ్డీ గుర్తుకొస్తాయి. ఆమెను పిసినారి అనేస్తారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది.

రెండు కాసులు వేసిన విధవరాలి కథ గుడిలో ఎన్నోసార్లు విన్నాం. ఆమె వేసింది తన సొమ్ము. ఇంకొకరి కూలిని అడగకుండా తీసి వేయలేదు.

ఈ సంచికలో కోడళ్ల మాటలను ముందు పేజీల్లో వేశాం. అవ్వల జవాబులు ఆ వెంటనే ఉన్నాయి, రెండూ చదవండి.