మధ్యలో వచ్చినవాళ్ళకు ఒక చోటు

కేంద్రీయ విద్యాలయంలో సీటుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఒక ప్రశ్న తప్పక అడుగుతారు: గత ఏడేళ్ళలో ఉద్యోగరీత్యా ఎన్నిసార్లు బదిలీ అయింది? ఎన్ని ఎక్కువ బదిలీలు ఉంటే వరసలో అంత ముందుకు వెళ్తాం. బదిలీ మనకు కలిసొచ్చేది అక్కడే. ఆ తర్వాత అదే మనల్ని వెనక్కి నెడుతుంది. కబడ్డీ జట్టు ఎంపిక అయిపోయాక వస్తాం. నాటకంలో వేషాలు పంచేశాక వస్తాం. హౌస్ కెప్టెన్లు బ్యాడ్జీలు పెట్టుకున్నాక వస్తాం. "వచ్చే ఏడాది చూద్దాంలే" అంటారు. వచ్చే ఏడాదికి మనం ఏ ఊళ్ళో ఉంటామో మన ఇంట్లోవాళ్ళకే తెలియదు.

మేము ఉర్లా వైపు నుంచి బడికి వచ్చే తెలుగు పిల్లలం. రాయ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న ఉర్లా అంటే ఇనుము ఫ్యాక్టరీలు, రోలింగ్ మిల్లులు, రాత్రీపగలూ తిరిగే లారీలు. మా అమ్మానాన్నల్లో కొందరు రైల్వేలో, కొందరు బ్యాంకుల్లో, కొందరు భద్రతా దళాల్లో పనిచేస్తారు. ఈసారి మా పేజీల్లో పండగల గురించి కాకుండా, మన ఊరి విశ్వవిద్యాలయాల్లో రాబోయే నెలల్లో జరిగే విద్యార్థి కార్యక్రమాల గురించి రాయాలనుకున్నాం. బడి పత్రికలో యూనివర్సిటీ సంగతులు ఎందుకని మీరు అడగవచ్చు. ఎందుకంటే మన సమస్యకు మందు అక్కడే ఉందని మా అభిప్రాయం.

ముందు, అక్కడ ఏమేం జరుగుతాయో చూద్దాం. సెప్టెంబర్ 24 జాతీయ సేవా పథకం దినం. అందరూ ఎన్.ఎస్.ఎస్. అనే ఈ పథకం గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల శిబిరంలో కూడా పాల్గొనాలి. నవంబర్ 1 ఛత్తీస్‌గఢ్ పుట్టినరోజు. 2000లో ఆ రోజునే ఈ రాష్ట్రం ఏర్పడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ అదే తేదీన కాబట్టి మన ఇళ్ళలో ఆ తేదీ అందరికీ గుర్తుంటుంది. జనవరి 12 జాతీయ యువజన దినోత్సవం. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. ఈ తేదీల చుట్టూ కాలేజీల్లో వక్తృత్వ పోటీలు, క్విజ్‌లు, ప్రదర్శనలు, సేవా కార్యక్రమాలు జరుగుతుంటాయి.

వీటికి తోడు యువజనోత్సవాలు ఉంటాయి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం 1925లో ఏర్పడింది. ఆ సంఘం నడిపే అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవంలో సంగీతం, నృత్యం, సాహిత్యం, నాటకం, లలితకళలు అని ఐదు విభాగాలు ఉంటాయి. ఏకాంకిక, మూకాభినయం, మిమిక్రీ, ముగ్గులు, మట్టిబొమ్మలు, వ్యంగ్యచిత్రం, జానపద వాద్యబృందం, ఇలా ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి దొరుకుతుంది. ముందు సొంత విశ్వవిద్యాలయంలో గెలిచినవాళ్ళు మండల స్థాయికి, అక్కడ గెలిచినవాళ్ళు జాతీయ స్థాయికి వెళ్తారు. జి.ఇ. రోడ్డు మీద ఉన్న పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం 1964లో మొదలైంది. దాని పక్కనే ఉన్న ఎన్.ఐ.టి.లో సాంకేతిక ఉత్సవం పేరు 'ఆవర్తన్', సాంస్కృతిక ఉత్సవం పేరు 'ఎక్లెక్టికా'. ఊరికి ఇంకో వైపు, 1987లో ఏర్పడిన ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. కాస్త దూరమైనా ఖైరాగఢ్‌ను మరచిపోకూడదు. అక్కడి రాజదంపతులు తమ కూతురు ఇందిర పేరున సంగీత, కళల విశ్వవిద్యాలయం కోసం తమ రాజభవనాన్నే ఇచ్చేశారు. అది 1956 నుంచి నడుస్తోంది.

ఇవన్నీ పెద్దవాళ్ళవి, పైగా ఈ ఊరివాళ్ళవి, మనకేం సంబంధం అని చాలామంది అనుకుంటారు. ఆ మాట సరికాదు. ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు ఆ రాష్ట్ర విద్యార్థులకు కేటాయిస్తారు. అక్కడ రాష్ట్రం అంటే మనం పుట్టిన రాష్ట్రం కాదు, ఇంట్లో మాట్లాడే భాషా కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. అంటే శ్రీకాకుళంలో పుట్టి, మధ్యలో మూడు ఊళ్ళు తిరిగి, రాయ్‌పూర్‌లో పన్నెండు పూర్తిచేసిన తెలుగమ్మాయి రాయ్‌పూర్ ఎన్.ఐ.టి. లెక్కలో ఛత్తీస్‌గఢ్ విద్యార్థే. ఆ కాలేజీ 1956లో గనులు, లోహశాస్త్రం నేర్పడానికే పుట్టింది. మనం రోజూ చూసే ఉర్లా ఇనుము ఫ్యాక్టరీలకూ ఆ చదువుకూ దగ్గరి చుట్టరికం ఉంది. రేపు మనం చదువుకోబోయే గదుల్లోకి ఇవాళ ఒకసారి తొంగిచూస్తే తప్పేముంది?

మనలాంటి పిల్లవాడొకడు ఈ ఊరికి చాలా ఏళ్ళ క్రితమే వచ్చాడు. 1877లో కలకత్తా న్యాయవాది విశ్వనాథ దత్త పనిమీద రాయ్‌పూర్‌లో ఉండాల్సి వచ్చింది. ఆయన కుటుంబం కూడా ఇక్కడికి వచ్చింది. అప్పటికి ఇక్కడికి రైలు లేదు. నాగపూర్ నుంచి ఎడ్లబండి మీద, అడవిదారిలో ప్రయాణం. పెద్దకొడుకు నరేంద్రకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఇక్కడ అతనికి తగిన బడి లేదు. రెండేళ్ళపాటు తండ్రి దగ్గరా, ఇంటికి వచ్చే పెద్దల మాటల్లోనూ నేర్చుకున్నాడు. 1879లో కలకత్తాకు తిరిగి వెళ్ళి ప్రవేశ పరీక్ష పాసయ్యాడు. ఆ నరేంద్రుడే వివేకానందుడు. ఆయన పుట్టినరోజే జాతీయ యువజన దినోత్సవం. మన ఊరి విమానాశ్రయానికీ ఆయన పేరే పెట్టారు. 2016లో జాతీయ యువజనోత్సవం రాయ్‌పూర్‌లోనే జరిగింది.

ఈ కథ చెప్పి "చూశారా, బడి లేకపోయినా గొప్పవాడయ్యాడు" అని సరిపెట్టడం మాకు ఇష్టం లేదు. అతనికి ఇంట్లో తీరిక ఉన్న తండ్రి ఉన్నాడు, ఇంటికి వచ్చే పండితులు ఉన్నారు. రెండు షిఫ్టుల ఉద్యోగాలు చేసే ఇళ్ళలో అది కుదరదు. అందుకే బడి తలుపు, యూనివర్సిటీ తలుపు మనకు మరింత అవసరం.

ఇంతకీ మందు అక్కడే ఉందని ఎందుకన్నాం? మధ్యలో వచ్చినవాళ్ళను జట్టులోకి తీసుకోకపోవడానికి ఒక కారణం చెబుతుంటారు: "మీరు ఉండేది ఎన్నాళ్ళు? నేర్పించాక వెళ్ళిపోతారు, జట్టు పాడవుతుంది." ఇది దురుద్దేశంతో అనే మాట కాదు. నాటకం నేర్పే టీచరు వైపు నుంచి చూస్తే అందులో న్యాయం ఉంది. వార్షికోత్సవానికి వారం ముందు ముఖ్యపాత్ర వేసేవాడు టీసీ తీసుకుని వెళ్ళిపోతే ఎంత ఇబ్బందో మాకూ తెలుసు.

కానీ యూనివర్సిటీని చూడండి. అక్కడ ప్రతి ఒక్కరూ వెళ్ళిపోయేవాళ్ళే! మూడేళ్ళకు డిగ్రీ వాళ్ళు వెళ్తారు, నాలుగేళ్ళకు ఇంజినీరింగ్ వాళ్ళు వెళ్తారు. ఇవాళ వాద్యబృందంలో డోలు వాయించే అన్నయ్య ఎల్లుండికి ఇంకో ఊళ్ళో ఉద్యోగంలో ఉంటాడు. అయినా వాద్యబృందం ఆగిపోదు, ఉత్సవం ఆగిపోదు, ఎన్.ఎస్.ఎస్. శిబిరం ఆగిపోదు. ఎందుకంటే అందరూ వెళ్ళిపోతారని ముందే తెలిసి ఆ ఏర్పాట్లు చేసుకుంటారు. ఏటా కొత్తగా ఎంపికలు పెడతారు. పోటీల వివరాలు నోటీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా పెడతారు. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకు పని నేర్పి వెళ్తారు. వెళ్ళిపోవడాన్ని తప్పుగా చూడరు, లెక్కలో ఒక అంకెగా చూస్తారు. బదిలీ ఉద్యోగుల పిల్లల కోసమే పుట్టిన మన బడులు కూడా అలాగే ఉండాలని మేము కోరుకుంటున్నాం. 1963లో 20 రెజిమెంటల్ బడులతో కేంద్రీయ విద్యాలయాలు మొదలైనప్పుడు అసలు ఉద్దేశమే అది: తండ్రి ఏ ఊరికి వెళ్ళినా పిల్లల చదువు తెగకూడదని. పాఠాల విషయంలో అది నెరవేరింది. ఏ రాష్ట్రానికి వెళ్ళినా అదే పుస్తకం, అదే సిలబస్. ఆటపాటల విషయంలోనే ఇంకా తెగిపోతోంది.

అందుకు మేము మూడు విన్నపాలు పెడుతున్నాం.

మొదటిది మన బడికి. ప్రతి జట్టులో, ప్రతి బృందంలో ఒక చోటు ఖాళీగా ఉంచండి. దసరా సెలవుల తర్వాత రెండో ఎంపిక పెట్టి, ఆ చోటును ఆ ఏడాది మధ్యలో చేరినవాళ్ళకు ఇవ్వండి. ఎవరూ రాకపోతే బడిలో ఉన్నవాళ్ళకే ఇవ్వవచ్చు, నష్టమేమీ లేదు.

రెండోది మనం వదిలి వచ్చే బడులకు. టీసీలో మన పేరు, పుట్టినతేదీ, తరగతి, నడవడిక ఉంటాయి. మనం మృదంగం వాయిస్తామనో, ఖోఖోలో బాగా పరుగెత్తుతామనో వివరంగా ఉండదు. దాంతో కొత్త బడిలో మనం ఎవరో నిరూపించుకోవడానికే ఒక ఏడాది పడుతుంది. మాలో ఒకరికి నాలుగో తరగతి నుంచి ఎనిమిది దాకా మూడు బడులు మారాయి. మూడుచోట్లా పాట పాడతానని తనే చెప్పుకోవాల్సి వచ్చింది. రెండుచోట్ల సిగ్గుపడి చెప్పలేదు. టీసీతోపాటు ఆటపాటల వివరాలతో ఒక పేజీ, టీచరు సంతకంతో ఇస్తే చాలు. ఒక్క కాగితం ఖర్చు.

మూడోది మన ఊరి విశ్వవిద్యాలయాలకు. మీ ఉత్సవాల్లో ఒక పగలు బడిపిల్లలకు కేటాయించండి. నోటీసు కనీసం నెల ముందు బడులకు పంపండి. బయటి పిల్లల్ని రానిస్తే భద్రత ఎవరు చూస్తారని మీరు అడగడం సహజమే. బడి గుర్తింపుకార్డుతో, టీచర్లతో, పగటిపూటే వస్తాం. ఉర్లా లాంటి దూరపు వాడల నుంచి వచ్చేవాళ్ళు చీకటి పడేలోపు ఇల్లు చేరాలి కాబట్టి మాకూ పగలే అనుకూలం. మాకు బహుమతులు అక్కర్లేదు. పంథీ, కర్మ నృత్యాలను వేదిక ముందు కూర్చుని చూడనిస్తే చాలు. కర్మ చూస్తే మాలో అరకు నుంచి వచ్చినవాళ్ళకు ధింసా గుర్తొస్తుంది. రెండింటిలోనూ చేయీచేయీ కలిపి అడుగువేయడమే. కొత్త ఊరు మనదనిపించడానికి అంతకంటే దగ్గరి దారి మాకు తెలియదు.

చదువు పాడవుతుందని పెద్దలు భయపడవచ్చు. వాళ్ళకు ఒక్క సంగతి గుర్తుచేస్తాం. మన బడిలో ఒక హౌస్‌కు రామన్ పేరు ఉంది. ఆ సి.వి. రామన్ కూడా బదిలీ ఉద్యోగే. ఆర్థిక శాఖలో పనిచేస్తూ 1907లో కలకత్తా, 1909లో రంగూన్, 1910లో నాగపూర్, 1911లో మళ్ళీ కలకత్తా. కలకత్తాలో ఉన్నప్పుడు ఆఫీసు పని అయ్యాక ఒక విజ్ఞాన సంస్థ ప్రయోగశాల ఆయన కోసం తెరిచి ఉండేది. ఆ సంస్థ "మీకు మళ్ళీ బదిలీ అవుతుందేమో, మీకెందుకు" అని తలుపు మూసి ఉంటే 1928 ఫిబ్రవరి 28న మనం పండగ చేసుకునే ఆ ఫలితం వచ్చేది కాదేమో. తలుపు తెరిచిపెట్టినవాళ్ళకూ ఆ గొప్పలో వాటా ఉంది.

చివరగా మనకు మనం చెప్పుకోవాల్సినది. కొత్త ఊళ్ళో మొదటి నెల మనం కూడా ముడుచుకుపోతాం. "ఎలాగూ వెళ్ళిపోతాం కదా, స్నేహాలెందుకు" అనుకుంటాం. ఆ ఆలోచన మనకు మనమే వేసుకునే తాళం. ఈ ఏడాది నోటీసు బోర్డు దగ్గర ఆగండి. జనవరి 12కో, ఫిబ్రవరి 28కో దగ్గర్లో ఏ కాలేజీలో ఏం జరుగుతోందో టీచర్లను అడగండి. మన తరగతిలో నిన్ననే చేరిన పిల్ల ఎవరైనా ఉంటే, "నీకేం వచ్చు?" అని అడిగి తనను కూడా వెంట తీసుకెళ్ళండి. ఆ ప్రశ్న మనల్ని ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్ని ఊళ్ళలో ఎదురుచూశామో మనకే తెలుసు.